అన్నభేదిలో ఇనుము లెక్క

తిరుపతి, మంగళవారం

ఈరోజు ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఆక్సీకరణ సంఖ్యలు, అంటే సమ్మేళనంలో ఒక్కో పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టో (+), పొందినట్టో (−) చెప్పే లెక్క. నియమాలు అందరికీ నోటికి వచ్చు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నదే తేలదు. అయానిక పదార్థం కనిపిస్తే ముందు దాన్ని ధన అయాన్, రుణ అయాన్‌గా విడగొట్టాలి. తెలియని సంఖ్యకు పెట్టే 'ఎక్స్' జోలికి ఆ తర్వాతే.

అన్నభేది తీసుకున్నాం, అంటే ఫెర్రస్ సల్ఫేట్. అందులోని ఏడు నీటి అణువుల మొత్తం సున్నా, పక్కన పెట్టేయొచ్చు. సల్ఫేట్ మీద ఆవేశం −2 కాబట్టి ఇనుము +2. ఇక సల్ఫేట్ లోపల ఒక సల్ఫర్, −2 చొప్పున నాలుగు ఆక్సిజన్లు, అన్నీ కలిపితే అయాన్ ఆవేశం రావాలి: ఎక్స్ + 4(−2) = −2, సల్ఫర్ +6. కుడివైపు అలవాటు కొద్దీ సున్నా వేసేవాళ్లే ఎక్కువ. అప్పుడు +8 వస్తుంది. సల్ఫర్ బయటి కక్ష్యలో ఉన్నవే 6 ఎలక్ట్రాన్లు, ఎనిమిది ఎక్కడినుంచి తెస్తుంది? జవాబు రాగానే ఈ ఒక్కటి సరిచూసుకుంటే చాలు, సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

విడగొట్టకుండా చేస్తే ఏమవుతుందో అమ్మోనియం నైట్రేట్ చూపిస్తుంది. రెండు నైట్రోజన్లనూ కలిపి లెక్క కడితే ఒక్కోటి +1. నిజానికి అమ్మోనియంలో −3, నైట్రేట్‌లో +5. +1 ఉన్న నైట్రోజన్ ఆ ఉప్పులో ఒక్కటీ లేదు.

బేరియం పెరాక్సైడ్, లెడ్ డయాక్సైడ్ దగ్గర క్లాసంతా తడబడింది. రెండింట్లోనూ ఒక లోహం, రెండు ఆక్సిజన్లు. ఆక్సిజన్‌కు కళ్లు మూసుకుని −2 వేస్తే బేరియం +4 అవుతుంది. రెండో గ్రూపు లోహానికి సమ్మేళనాల్లో +2 తప్ప వేరే దారి లేదు. కాబట్టి ముందు లోహాన్ని ఖాయం చేసి, మిగిలింది ఆక్సిజన్లకు పంచాలి: ఒక్కోదానికి −1. లెడ్‌కు +4 కుదురుతుంది, అక్కడ ఆక్సిజన్ మామూలుగా −2. ఈ తేడా ప్రయోగంలోనూ కనిపిస్తుంది: చల్లని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో బేరియం పెరాక్సైడ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఇస్తుంది, లెడ్ డయాక్సైడ్ ఇవ్వదు.

చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చే పిల్లాడొకడు అడిగాడు: "సార్, శెనక్కాయ చేనుకు కొట్టడానికి రాత్రి నీళ్లలో కలిపిన అన్నభేది తెల్లారేసరికి ఎర్రమట్టి నీళ్లలా అయిందేం?" మంచి ప్రశ్న. గాలిలోని ఆక్సిజన్ 0 నుంచి −2కు దిగుతూ ఇనుమును +2 నుంచి +3కు ఎక్కించింది. ఆ +3 ఇనుము హైడ్రాక్సైడ్‌గా అడుగుకు దిగిపోతుంది, ఆకుకు అందదు. సల్ఫర్ మాత్రం +6 దగ్గరే ఉంది, కదల్లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదితో పాటు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వేయమనేది ఇందుకే. అది ఇనుమును పట్టి ఉంచి, కరిగిన రూపంలో నిలుపుతుంది. అయినా అప్పటికప్పుడు కలిపి కొట్టడమే మేలు.

ఇంటి దగ్గర చేయమని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఇచ్చాను, మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు. 8/3 వస్తే తప్పనుకుని కొట్టేసేవాళ్లు ఉంటారు. అది సగటు: ఒకటి +2, రెండు +3.