ఖాళీ పోర్టును అలా వదిలేయకండి

సెలవు మీద తిరుపతి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక కుర్రాడు ఇంటికి వస్తాడు. ఈసీఈలో డిప్లొమానో బీటెక్కో అయిపోయి ఉంటుంది, కువైట్‌కో ఖతార్‌కో వీసా మాట నడుస్తూ ఉంటుంది, "అన్నా, అక్కడ నువ్వు చేసే పనేంది, ఏం నేర్చుకుని పోవాల?" అని అడుగుతాడు. ఈసారి అడిగింది మా పిన్ని కొడుకే. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఇంకో నలుగురికి పనికొస్తుందని.

కువైట్‌లో నా పని పెద్ద బిల్డింగుల లోపలికి మొబైల్ సిగ్నల్ తేవడం. మాల్స్, ఆస్పత్రులు, భూమి కింద అంతస్తుల మీద అంతస్తులుగా ఉండే పార్కింగులు, వీటిలోకి బయట టవర్ సిగ్నల్ సరిగ్గా రాదు. అందుకని ఒక గదిలో రేడియో పెట్టి, అక్కడి నుంచి అర అంగుళం ఫీడర్ కేబుల్ లాగి, మధ్యలో సిగ్నల్‌ని భాగాలుగా పంచే స్ప్లిటర్లు, కప్లర్లు వేసుకుంటూ సీలింగ్‌లో ఉన్న చిన్న యాంటెన్నాలకి పంచుతాం. సైట్‌లో మలయాళీలు, పాకిస్తానీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, నేపాలీలు, మన రాయలసీమ వాళ్ళు అందరూ ఉంటారు, మాట్లాడుకునేది హిందీ. హిందీ తడబడినా ఎవరూ పట్టించుకోరు కానీ కనెక్టర్ శుభ్రంగా కట్టడం వచ్చినవాడిని ఏ ఫోర్‌మ్యానూ వదులుకోడు. రేడియో పాడైతే గంటలో మార్చేస్తారు. కనెక్టర్ సరిగ్గా లేకపోతే మాత్రం రాత్రిపూట, మాల్ మూసేశాక, సీలింగ్ పలకలు ఒక్కొక్కటే విప్పుకుంటూ వెతకాలి.

ముందు టర్మినేటర్, అంటే వాడని పోర్టును మూసే చిన్న మూతలాంటి ముక్క, దాని సంగతి చెబుతాను, కాలేజీలో దీన్ని ఒక్క లైన్లో దాటేస్తారు కాబట్టి. నాలుగు పోర్టుల స్ప్లిటర్ వేశాం, యాంటెన్నాలు మూడే ఉన్నాయి అనుకోండి. నాలుగో పోర్టును ఖాళీగా వదిలేస్తే అక్కడిదాకా వచ్చిన సిగ్నల్ పోయే దారి లేక, తూము మూసిన కాలువలో నీళ్ళు ఎదురుతన్నినట్టు, వెనక్కి తిరుగుతుంది. మిగతా మూడు పోర్టుల లెక్క కూడా చెడగొడుతుంది. అదే పోర్టుకి లైన్ ఇంపీడెన్స్‌కి (సిగ్నల్‌కి లైన్ చూపే అడ్డుకి) సరిపోయే 50 ఓమ్‌ల టర్మినేటర్ బిగిస్తే వచ్చిన పవర్ అంతా దానిలోని రెసిస్టర్‌లో వేడిగా మారి అక్కడితో అయిపోతుంది. మన కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో మేడ మీదికెక్కి కేబుల్ టీవీ స్ప్లిటర్‌ని చూడండి, వాడని పోర్టు నోరు తెరుచుకుని ఉంటే అక్కడా జరిగేది ఇదే. కాకపోతే టీవీ లైన్ 75 ఓమ్‌లది, దానికి 75 ఓమ్‌ల ఎఫ్ టైప్ టర్మినేటర్ కావాలి.

రెండు అంకెలెందుకని మావాడు అడిగాడు, మంచి ప్రశ్న. కోయాక్స్ (నడుమ తీగ, చుట్టూ లోహపు పొర ఉండే కేబుల్) లోపల గాలి మాత్రమే ఉంటే నష్టం అన్నిటికన్నా తక్కువగా ఉండేది 77 ఓమ్‌ల దగ్గర, ఎక్కువ పవర్ మోయగలిగేది 30 ఓమ్‌ల దగ్గర. రేడియో పంపేవాళ్ళకి రెండూ కావాలి కాబట్టి మధ్యలో 50 దగ్గర ఆగారు. టీవీ లైన్‌లో పెద్ద పవర్ ఉండదు, నష్టం తగ్గితే చాలు, అందుకే 75. 50 లైన్‌కి 75 టర్మినేటర్ పెడితే పవర్‌లో వెనక్కొచ్చేది 4 శాతమే, కొంప మునగదు. కానీ మేం ఎక్కువగా వాడే ఎన్ రకం కనెక్టర్ 50, 75 రెండు రకాల్లోనూ దొరుకుతుంది, 50 ఓమ్‌ల దాని మధ్య పిన్ లావు, దాన్ని 75 ఓమ్‌ల ఫిమేల్‌లోకి తోస్తే లోపలి రేకులు విచ్చుకుపోయి ఆ పోర్టు ఇంక పనికిరాదు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కొనేటప్పుడు దాని మీద రాసింది చదవాలి.

టర్మినేటర్ ఎంచుకునేటప్పుడు అందరూ వాట్లు చూస్తారు, ఆ వాట్లు ఎంత వేడి దగ్గర ఇచ్చారో చూడరు. 50 వాట్లు అని రాసి ఉన్నది సాధారణంగా 25 నుంచి 40 డిగ్రీల గాలికే. అది దాటితే మోయగలిగే పవర్ తగ్గుతూ పోతుంది, కంపెనీ కాగితంలో దానికి గ్రాఫ్ ఉంటుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి దేశంలో, మేడ మీద ఇనుప డబ్బాలో, హీట్‌సింక్ రెక్కలకి గాలి తగలకుండా గోడకి ఆనించి టర్మినేటర్ పెడితే అది మాడిపోతుంది. రెండు ఆపరేటర్ల సిగ్నల్ కలిపే హైబ్రిడ్ కంబైనర్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒక్క అవుట్‌పుటే వాడుకుంటే రెండో అవుట్‌పుట్‌కి పెట్టిన టర్మినేటర్‌లోకి సగం పవర్ పోతుంది.

అక్కడే పిమ్ (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్) అనే ఇంకో సమస్య మొదలవుతుంది. గల్ఫ్‌లో మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇదే. రెండు గట్టి సిగ్నల్స్ ఒకే లైన్‌లో పోతున్నప్పుడు ఎక్కడైనా వదులు జాయింటు, తుప్పు, లోహపు పొడి ఉంటే అవి కలిసి మూడో సిగ్నల్ పుట్టిస్తాయి. 1800 బ్యాండ్‌లో టవర్ పంపేది 1805 నుంచి 1880 మెగాహెర్ట్జ్, ఫోన్లు పంపేది 1710 నుంచి 1785. ఇప్పుడు 1805ని రెండింతలు చేసి 1880 తీసేయండి, 1730 వస్తుంది. అంటే సరిగ్గా ఫోన్ల మాట వినే చోట ఈ చెత్త వచ్చి పడుతుంది. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం తెగిపోతుంది. ఒక మాల్ పార్కింగ్‌లో ఇదే జరిగింది. మాకన్నా ముందు పని చేసినవాళ్ళు కంబైనర్‌కి మామూలు చిప్ టర్మినేటర్ వేశారు, దాని రెసిస్టరే పిమ్ పుట్టిస్తోంది. అలాంటి చోట పొడుగాటి కేబుల్‌ని చుట్టగా చుట్టి, ఆ కేబుల్ నష్టంలోనే పవర్ కరిగిపోయేలా చేసిన లో పిమ్ లోడ్ (పిమ్ తక్కువ పుట్టించే టర్మినేటర్) వాడాలి. ఖరీదే, బరువు కూడా. అది వేశాక టెస్టర్ పెడితే పాస్ అయింది. ఆ టెస్ట్‌లో ఒక్కోటి 20 వాట్ల సిగ్నల్స్ రెండు పంపి, మామూలుగా మైనస్ 150 డీబీసీ అడుగుతారు, అంటే పంపినదాంట్లో పది కోట్ల కోట్ల వంతుల్లో ఒక వంతుకు మించి చెత్త రాకూడదు. ఇది తెలిశాక కేబుల్‌ని హాక్సా బ్లేడుతో కోయాలంటే మనసొప్పదు, ఆ రజను అంతా లోపలే మిగిలిపోతుంది కదా. ఆ కేబుల్‌కి తగిన కటింగ్ టూల్ వాడాలి, కేబుల్ మూతి కిందికి పెట్టి కోయాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, తుడిచాక వేలు పెట్టకూడదు.

బిగించేటప్పుడు తిప్పాల్సింది నట్ ఒక్కటే, కనెక్టర్ ఒళ్ళు తిరగకూడదు, తిరిగితే మధ్య పిన్ అరిగి పొడి రాలుతుంది. టార్క్ రెంచ్ లేకుండా చేతి బలం మీద నమ్మకం పెట్టుకోవద్దు: 7/16 డిన్ అనే పెద్ద కనెక్టర్‌కి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు కావాలి, దానికన్నా చిన్నదైన 4.3-10 కనెక్టర్‌కి 5 సరిపోతుంది, ఇంకా చిన్నదైన ఇత్తడి ఎస్‌ఎంఏ కనెక్టర్‌కి ఒక న్యూటన్ మీటర్‌లో సగం చాలు. వైఫై రౌటర్ మీద ఉండే రివర్స్ ఎస్‌ఎంఏ ఇంకో తలనొప్పి, మామూలు ఎస్‌ఎంఏకి మర చక్కగా ఎక్కుతుంది, లోపల మాత్రం పిన్‌కి పిన్ ఎదురుపడి గుద్దుకుంటుంది, లేదంటే రెండు వైపులా రంధ్రాలే ఉండి ఏదీ తగలదు.

ఇదంతా గల్ఫ్ పోతేనే కనిపించేది అనుకోవద్దు. మన గాదంకిలో వాతావరణ పరిశోధన రాడార్ ఉంది కదా, 53 మెగాహెర్ట్జ్ మీద నడిచేది, 1024 యాగీ యాంటెన్నాలు 32 వరసల్లో నిలబెట్టారు. యాంటెన్నాల సిగ్నల్ ఫేజ్ (అలల వెనకాముందు) లెక్క తప్పకపోతేనే ఆ కిరణం అనుకున్న దిక్కుకు పోతుంది. అంత గొప్ప యంత్రం కూడా కేబుళ్ళూ జాయింట్లూ బాగుంటేనే నడుస్తుంది. చిత్తూరు రోడ్డులో బస్సులో పోతూ ఆ ఊరు దాటినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మావాడిని ఈ వారం చెన్నై రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తున్నాను. కొన్ని మీటర్ల కేబుల్, కొన్ని ఎన్ కనెక్టర్లు, ఒక టర్మినేటర్ కొందాం అన్నాను. మామూలు టర్మినేటర్‌కి మధ్య పిన్‌కీ ఒంటికీ మల్టీమీటర్ పెడితే 50 దగ్గర చూపించాలి, షాపులోనే చూసుకోవచ్చు. గిగాహెర్ట్జ్‌లో ఎలా ఉంటుందో అది చెప్పదు కానీ మాడిపోయినదాన్ని పట్టిచ్చేస్తుంది. తర్వాత ఇంట్లో కూర్చుని కట్టడం, కోసి పారేయడం, మళ్ళీ కట్టడం. ఇంటర్వ్యూలో వాళ్ళు జీతం సంగతి చెప్పాక, "సైట్‌లో టార్క్ రెంచ్ మీరిస్తారా, పిమ్ టెస్టర్ మీ సొంతమా, అద్దెకు తెస్తారా?" అని అడగమన్నాను. నసిగితే ఆ ఆఫర్ ఒప్పుకునే ముందు నాకు ఫోన్ చేయమన్నాను.