ఆదివారం, మూడు సిమ్‌లు

జనవరి 4, 2026. హనుమకొండ.

పొద్దున ఆరింటికే లేచాను. చలి గట్టిగానే ఉంది, దుప్పటి కప్పుకునే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మార్కెట్‌కి సెలవు కాబట్టి నేను లెక్కలు చూసే సేఠ్‌ల ఫోన్లు రావు. రెండు వారాలుగా తేలని లెక్క ఒకటుంది, ఇవాళ తేల్చాల్సిందే అని రాత్రే అనుకున్నాను.

నా లాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండు సిస్టమ్‌లూ ఉన్నాయి. సిమ్‌తో నేరుగా నెట్ వచ్చేలా అందులో వేయించిన సెల్యులార్ కార్డు విండోస్‌లో రోజూ పనిచేస్తుంది. లైనక్స్‌లో మాత్రం ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. అదే కార్డు, అదే సిమ్, అదే బల్ల.

అసలు ఈ కార్డు ఎందుకు కొన్నానో కూడా రాసి పెట్టుకోవాలి. ఎనుమాముల మార్కెట్‌లో ఐదుగురు అడ్తిదారుల జీఎస్టీ లెక్కలు నేను చూస్తాను. పత్తి సీజన్‌లో పొద్దంతా వాళ్ల దుకాణాల్లోనే. సరుకు అమ్మకం చీటీలు, అంటే తక్‌పట్టీలు, ముందేసుకుని ట్యాలీలో ఎంట్రీలు కొట్టాలి, పోర్టల్ తెరవాలి, సేఠ్ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగి వేయాలి. ఇన్నాళ్లూ ఇదంతా నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచింది. మధ్యాహ్నానికి ఫోన్ పెనంలా కాలిపోతుంది, చార్జింగ్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకే అమ్మ ఫోన్ చేస్తుంది. మాది తాడ్వాయి మండలం. అమ్మ టవర్ అందే చోటు దాకా నడిచొచ్చి చేస్తుంది. "తిన్నవా బిడ్డా" అనేలోపే నా ఫోన్ ఆగిపోయిన రోజులున్నాయి. చార్జింగ్ పెట్టి తిరిగి చేసేసరికి ఆమె ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. ఆ రోజంతా నాకు మనసు మనసులో ఉండదు. నెట్ లాప్‌టాప్‌లోనే ఉండాలి, ఫోన్ అమ్మ కోసం ఖాళీగా ఉండాలి అని అప్పుడే నిర్ణయించుకున్నాను.

నా లాప్‌టాప్ ఎవరో ఆఫీసులో వాడి అమ్మేసినది. సిమ్ పెట్టే సందు ఉంది, మూతలో యాంటెన్నా వైర్లు ఉన్నాయి, కార్డే లేదు. ఇలాంటి వాటిలో ఏ కార్డు పడితే ఆ కార్డు వేస్తే, ఆన్ చేయగానే ముందుగా నడిచే బయోస్ అనే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అందుకని ఈ మోడల్‌కి సరిపడే పార్ట్ నంబరు వెతికి, పాతదే ఆన్‌లైన్‌లో తెప్పించాను. చౌరస్తా దగ్గర ఫోన్లు రిపేరు చేసే అన్న దగ్గరికి తీసుకెళ్లి వేయించాను. కార్డు వెడల్పు 30 మిల్లీమీటర్లు, పొడవు 42. ఒక స్క్రూతో బిగుస్తుంది. కష్టమంతా వైర్లతోనే. ఎరుపొకటి, నీలమొకటి, కొసన ఆవగింజంత ఇత్తడి టోపీ. కార్డు మీద అంతే సైజు గుండీలు రెండు. నేను తొందరపడి వేలితో అదమబోతే అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఒత్తకు తమ్మీ. బొట్టు పెట్టినట్టు పెట్టాలె" అన్నాడు. పట్టకారుతో టోపీని గుండీ మీద నిలబెట్టి, చూపుడు వేలి గోటితో నిమిరాడు. సన్నగా టక్‌మంది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. తర్వాత రెండో వైరు నన్నే పెట్టమన్నాడు.

విండోస్‌లో ఆ సాయంత్రమే నెట్ వచ్చింది. జియో సిమ్ వేయగానే సెట్టింగ్స్‌లో సెల్యులార్ అని కొత్త వరస కనపడింది, తనంతట తానే కనెక్ట్ అయింది. సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్లే దారి పేరే ఏపీఎన్. ఏ కంపెనీకి ఏ ఏపీఎన్ అన్న జాబితా విండోస్ దగ్గర ముందే ఉంటుంది. పైగా ఈ కార్డులు మాట్లాడే ఎంబీఐఎం అనే పద్ధతి విండోస్ 8 నుంచి అందులోనే ఉంది. ట్యాలీ పని వరకు విండోస్ చాలు. కానీ మిగతా పనంతా నేను లైనక్స్‌లో చేసుకుంటాను, ఇన్వాయిస్‌లు పోల్చే నా స్క్రిప్టులన్నీ అక్కడే ఉన్నాయి. అక్కడ కూడా నెట్ నడవాలి.

లైనక్స్‌లో కార్డు కనపడుతుంది. సిమ్‌ని చదువుతుంది. ఎనేబుల్ చేయమంటే మాత్రం కాదంటుంది, టవర్‌తో మాట్లాడే రేడియో ఆన్ కాదు. మరుసటి రోజు చూస్తే నడుస్తూ ఉంటుంది. వైరు వదులైందేమోనని రెండుసార్లు వెనక మూత విప్పాను. సిమ్‌ని రబ్బరుతో తుడిచాను. ఏం చేసినా అంతే.

అందుకే వారం నుంచి నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చాను. తేదీ, టైము, పనిచేసిందా లేదా, దానికి ముందు ఏం చేశాను. ఇవాళ ఛాయ్ తాగుతూ ఆ పేజీ మళ్లీ చదివాను. పనిచేసిన ప్రతిరోజూ దానికి ముందు విండోస్‌లో ట్యాలీ పని ఉంది. అది ముగించి రీస్టార్ట్ కొట్టి లైనక్స్‌లోకి వచ్చాను. పనిచేయని రోజుల్లో షట్‌డౌన్‌లో ఉన్న లాప్‌టాప్‌ని ఆన్ చేసి నేరుగా లైనక్స్‌లోకి వెళ్లాను. వెంటనే పరీక్షించాను. పూర్తిగా ఆపి, నిమిషం ఆగి లైనక్స్ ఎక్కిస్తే నెట్ లేదు. విండోస్ ఎక్కించి అక్కడి నుంచి రీస్టార్ట్ చేస్తే ఉంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. వైరు తప్పు కాదు, సిమ్ తప్పు కాదు అని తేలేసరికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

దీని పేరు ఎఫ్‌సీసీ లాక్. అమెరికాలో రేడియో పరికరాల మీద అజమాయిషీ ఎఫ్‌సీసీది. అక్కడ కార్డునీ, అది కూర్చునే లాప్‌టాప్‌నీ, దాని యాంటెన్నానీ కలిపి పరీక్షించి అనుమతి ఇస్తారు. అందుకే కొన్ని కార్డులు కరెంటు అందిన ప్రతిసారీ రేడియో మూసుకునే లేస్తాయి. సరైన లాప్‌టాప్‌లోనే ఉన్నావు అని సాఫ్ట్‌వేర్ చెబితేనే తెరుస్తాయి. తాళం కార్డులోనే ఉంది కాబట్టి అది హనుమకొండలో ఉన్నా అంతే. విండోస్ డ్రైవర్ ఆ మాట చెప్పేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. రీస్టార్ట్‌లో కార్డుకి కరెంటు తెగదు, అందుకే తెరిచిన తాళం తెరిచినట్టే ఉండి లైనక్స్‌కి అందుతుంది. షట్‌డౌన్ చేస్తే మళ్లీ మొదటికి.

లైనక్స్‌లో ఈ కార్డుల్ని చూసుకునే మోడెమ్‌మేనేజర్ కూడా ఒకప్పుడు తనే తాళం తీసేది. 1.18.4 వెర్షన్ నుంచి ఆ నిర్ణయం వాడేవాళ్లకే వదిలేశారు. తాళం తీసే స్క్రిప్టులు సిస్టమ్‌లోనే ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, కానీ వాటంతట అవి నడవవు. యూఎస్‌బీ జాబితాలో కార్డు గుర్తింపు చూశాను, నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు. అదే పేరుతో స్క్రిప్టు ఉంది. దానికి ఈటీసీ అనే సెట్టింగ్స్ ఫోల్డర్ కింద ఉన్న ఎఫ్‌సీసీ అన్‌లాక్ ఫోల్డర్‌లో ఒక లింకు పెట్టాను. ఒక్క లైను కమాండ్. లాప్‌టాప్ ఆపి, నిమిషం లెక్కపెట్టి, ఆన్ చేసి నేరుగా లైనక్స్ ఎక్కించాను. రేడియో ఆన్ అయింది.

సంతోషంతో వెంటనే ఎయిర్‌టెల్ సిమ్ వేశాను. మార్కెట్ షెడ్డు కింద ఒక కంపెనీ సిగ్నల్ అందకపోతే ఇంకోటి అందుతుంది, అందుకని నా దగ్గర రెండూ ఉంచుకున్నాను. ఆపరేటర్ దగ్గర 40449 అని చూపించింది, 404 మన దేశానిది, 49 మన సర్కిల్‌లో ఎయిర్‌టెల్‌ది. టెలికాం లెక్కల్లో మనది ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలే. నెట్‌వర్క్‌లో రిజిస్టర్ అయింది, కానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. పాత కనెక్షన్‌లో ఏపీఎన్ జియోనెట్ అనే ఉండిపోయింది, నేనే మార్చలేదు. సిమ్‌కొక కనెక్షన్ విడివిడిగా చేసి, రెండో దానిలో ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్ అని రాశాను. ఐపీ, అంటే నెట్ చిరునామా రకం, రెండిటికీ ఐపీవీ4, ఐపీవీ6 కలిపి పెట్టాను. పేజీలు తెరుచుకున్నాయి.

మూడో సిమ్ బీఎస్‌ఎన్‌ఎల్. పక్కింటి మామ రెండో ఫోన్‌లోది, అడిగి తెచ్చాను. "పైలం బిడ్డా, బ్యాంకుది గా నంబరుకే ఉన్నది" అన్నాడు. ఈ నెల 28 నుంచి మేడారం జాతర. అమ్మ దగ్గర వారం ముందే ఉండి సాయం చేయాలి, అక్కడి నుంచే పని చేసుకోవాలి. 20వ తేదీ జీఎస్టీ త్రీబీ రిటర్న్ గడువు అయిపోయినా, సేఠ్‌ల రోజువారీ లెక్కలు ఆగవు కదా. గత సెప్టెంబరు 27న దేశమంతటా మొదలుపెట్టిన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ ఊళ్లలో ఎక్కువగా 700 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. దాన్నే బ్యాండ్ 28 అంటారు. అంత కింది ఫ్రీక్వెన్సీ అడవిలోనూ గోడల్లోనూ దూరం పోతుంది. నా కార్డు బ్యాండ్ల జాబితా తీశాను. 850 ఉంది, 1800 ఉంది, 2100 ఉంది. 2300 లేదు, 700 లేదు. జియో, ఎయిర్‌టెల్ రెండిటికీ 1800 ఉంది కాబట్టి నగరంలో ఇబ్బంది లేదు. కానీ మా ఊళ్లో టవర్ 700 ఒక్కటే ఇస్తుంటే ఈ కార్డు దాన్ని వినలేదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని మార్చలేదు, కార్డే అలా తయారైంది. బాధేసింది, నిజంగా. కొనేముందు రెండు కంపెనీల బ్యాండ్లే చూశాను, అమ్మ ఊరి టవర్ సంగతి చూడలేదు. ఊళ్లో ఆ వారం ఫోన్ హాట్‌స్పాటే వాడాలి. అక్కడ అమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి ఫోన్ ఆగినా భయం లేదు. బ్యాండ్ 28 ఉన్న కార్డు ఈ మోడల్‌కి ఉందేమో ఉగాదిలోపు చూడాలి.

సాయంత్రం బండి మీద ఎనుమాముల వెళ్లాను. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. షెడ్డు కింద పత్తి పింజలు గాలికి కొట్టుకొస్తున్నాయి. సేఠ్ దుకాణం మెట్ల మీద కూర్చుని, ఆపి ఉన్న లాప్‌టాప్ ఆన్ చేశాను, నేరుగా లైనక్స్. నెట్ వచ్చింది. మూత వేసి, తీసి చూశాను, కాసేపు కార్డు మాయమై మళ్లీ వచ్చింది, తాళం మళ్లీ తెరుచుకుంది. సిమ్ మార్చాను, రెండోదీ పట్టింది. పోర్టల్ తెరిచి 11వ తేదీ లోపు వేయాల్సిన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఒక సేఠ్ ఇన్వాయిస్‌లు ఎక్కించడం మొదలుపెట్టాను.

సగంలో ఉండగా అమ్మ ఫోన్. చార్జింగ్ 81 ఉంది. తిన్నాను అని చెప్పాను. చిక్కుడుకాయ కూర గురించి, కోడిపుంజు గురించి, జాతరకి ఎవరెవరు వస్తున్నారో చాలాసేపు చెప్పింది. నేను వింటూనే ఇన్వాయిస్‌లు ఎక్కించాను.

రేపు పొద్దున్నే మామ సిమ్ తిరిగి ఆయన ఫోన్‌లో వేసి, ఒక మెసేజ్ వచ్చేదాకా అక్కడే ఉండి చూసి రావాలి.