అమ్మ గదిలో ఆదివారం పఠనాలు

అమ్మ మంచం పట్టాక ప్రతి ఆదివారం చర్చిలో పూజకు వెళ్లడం నాకు కుదరలేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. వెళ్లలేని వారాల్లో ఆ రోజు పఠనాలైనా, అంటే పూజలో చదివే బైబిలు భాగాలైనా, చదువుకుందామని మొదలుపెట్టాను. పోనుపోను వెళ్లే వారాల్లో కూడా శనివారం రాత్రే చదువుకోవడం అలవాటైంది.

మొదట్లో యేసు ప్రభువు జీవితాన్ని, మాటల్ని చెప్పే సువార్త ఒక్కటే చదివేదాన్ని. అమ్మకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) ఇవ్వడానికి వచ్చిన ఫాదర్‌గారు ఒకసారి, "ముందు సువార్త చదవమ్మా, తర్వాత మొదటి పఠనం చదువు. రెంటికీ ముడి ఎక్కడ పడిందో చూడు" అన్నారు. నాకు దారి చూపింది ఆ మాటే. పెద్ద పండుగల కాలాలు కాని సామాన్య కాలంలో, మొదటి పఠనంగా వచ్చే పాత నిబంధన భాగాన్ని ఆ రోజు సువార్తకు జతగా ఎంచుతారు. కీర్తన ఆ పఠనానికి మన జవాబు. రెండవ పఠనం మాత్రం ఈ జతతో పనిలేకుండా, ఏదో ఒక లేఖను వారం వారం కొంత చొప్పున చదివిస్తూ పోతుంది. కతోలిక బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత 1969లో వచ్చిన క్రమం ఇది. ఒక ఏడాది మత్తయి సువార్త, మరో ఏడాది మార్కు, ఆపై ఏడాది లూకా. యోహాను ఎక్కువగా ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, ఈస్టరుతో మొదలయ్యే పాస్కా కాలంలో వినిపిస్తాడు.

2025 లూకా సంవత్సరం. జూలైలో ఒక ఆదివారం మంచి సమరయుని ఉపమానం వచ్చింది, దారిలో గాయపడి పడి ఉన్నవాణ్ణి ఒక పరాయివాడు ఆదుకున్న కథ. "నీవు వెళ్లి అలాగే చెయ్యి" అంటాడు ప్రభువు. అది నాకు ఊరట. నేను చేస్తున్నది అదే కదా అనిపించింది. మరుసటి ఆదివారం, ప్రభువు అతిథిగా వచ్చిన ఇంటి అక్కచెల్లెళ్లు మార్త, మరియల ఘట్టం. లూకా 10వ అధ్యాయంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పని అంతా మార్త మీద వదిలేసి మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది. మార్త వచ్చి, నాకు సాయం చేయమని ఆమెతో చెప్పు అంటుంది.

ఆ మాట నాకు కొత్త కాదు. తమ్ముడు వచ్చినప్పుడల్లా కుర్చీ లాక్కుని అమ్మ పక్కన కూర్చుంటాడు, పాత ముచ్చట్లు చెబుతాడు, అమ్మ నవ్వుతుంది. దుప్పట్లు మార్చేది, మాత్రల వేళలు చూసేది, రాత్రి లేచేది నేను. మంచిదాన్ని మరియ ఎన్నుకొన్నదని ప్రభువు అంటుంటే నాకు కష్టంగానే తోచింది.

ఫాదర్‌గారు చెప్పినట్టు మొదటి పఠనానికి వెళ్లాను. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం, 18వ అధ్యాయం. మిట్టమధ్యాహ్నం ఎండలో గుడారం వాకిట కూర్చున్న అబ్రహాము ముగ్గురు మనుషుల్ని చూసి పరుగెత్తాడు. కాళ్లకు నీళ్లు, భార్య సారాతో రొట్టెలు, మందలోంచి లేత దూడ, అన్నీ హడావుడిగానే చేశాడు. ఎవరూ అతణ్ణి వద్దనలేదు. అంటే దేవునికి పరుగుల మీద కోపం లేదు. మార్తతో ప్రభువు అన్నదేమిటో మళ్లీ చూశాను. నీవు అనేక విషయాల గురించి విచారపడి కలత చెందుతున్నావు అన్నాడే గాని పని మానమనలేదు. అబ్రహాము మాత్రం అంతా వడ్డించాక, వాళ్లు తింటున్నంతసేపూ ఆ చెట్టు కింద వాళ్ల దగ్గరే నిలబడ్డాడు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అమ్మకు అన్నీ అమర్చి నేను గదిలోంచి బయటికి వచ్చేస్తున్నాను.

ఆ వారం ఆ ఒక్క వాక్యమే పట్టుకున్నాను. పఠనాలన్నీ గుర్తుంచుకోవాలని ప్రయత్నిస్తే సోమవారానికే ఏమీ మిగలదు. ఒక్క వాక్యమైతే బుధవారం కూడా మనతో ఉంటుంది. మాత్ర వేసి, నీళ్లు తాగించి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ వారాంతంలో తమ్ముడికి ఫోన్ చేసి, వచ్చినప్పుడు మందులు నువ్వు చూసుకో, ఆ కాసేపు నేను అమ్మ పక్కన కూర్చుంటాను అని చెప్పాను. సరే అక్కా అన్నాడు, అలాగే చేస్తున్నాడు.

క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలంతో మత్తయి సంవత్సరం మొదలైంది. సెప్టెంబరులో ద్రాక్షతోట పనివారి ఉపమానం వస్తుంది. పొద్దుటినుంచి ఎండలో కష్టపడినవాళ్లకీ, చివరి గంటలో వచ్చినవాళ్లకీ యజమాని ఒకటే కూలి ఇస్తాడు. దాన్ని మాత్రం తమ్ముడితో కలిసి, అమ్మ వినేలా బిగ్గరగా చదవాలని ఉంది.