కరకరలాడే పొర, కంటికి కనబడని ఉప్పు

కార్తీకమాసమంతా నీచు ముట్టని బరంపురంలో, పౌర్ణమి మర్నాడు, మళ్ళీ నీచు మొదలుపెట్టే ఛాడఖాయి వచ్చిందంటే ఒడియా ఇల్లు, తెలుగు ఇల్లు అన్న తేడా లేకుండా అందరూ పొద్దున్నే మాంసం దుకాణాల ముందు బారులు తీరుతారు. ఈసారి ఆ రద్దీని తప్పించుకుని, తమ్ముడి కొడుకు పోరు పడలేక, వేయించిన కోడికి పేరుమోసిన ఒక చెయిన్ రెస్టారెంటుకు వెళ్ళాము. రుచి సంగతి ముందే చెప్పేస్తాను: బాగుంది. తొడ ముక్కను విరిస్తే పైపొర పెళుసుగా రేకులు రేకులుగా రాలింది, లోపల ఎముక దగ్గర మాంసం నుంచి ఆవిరి వచ్చింది, ముక్క కింద పరిచిన కాగితం మాత్రం తినడం పూర్తయ్యేలోగా నూనె పీల్చి అద్దంలా తయారైంది.

ఎముకతో ఉన్న ముక్కను మామూలు బాణలిలో లోపలిదాకా వేయించాలంటే చాలాసేపు పడుతుంది, ఈలోగా పైభాగం ఎండిపోతుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో హార్లాండ్ శాండర్స్ ఈ చిక్కును విప్పడానికి ప్రెషర్ కుక్కర్ పద్ధతిని వేపుడుకు వాడాడు. 1952లో సాల్ట్ లేక్ సిటీలో మొదటి ఫ్రాంచైజీ ఇచ్చాడు. ఆ కెంటకీ ఫ్రైడ్ చికెనే, అంటే కేఎఫ్‌సీయే, 1995లో బెంగళూరులో మన దేశానికి వచ్చింది. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది కాబట్టి, ముక్కలోని తడి అంతగా ఆవిరైపోకుండానే మాంసం త్వరగా ఉడుకుతుంది. అంటే కోడిమాంసం వరకు ఇందులో పెద్దగా తప్పు పట్టవలసింది లేదు. అది మంచి మాంసకృత్తులున్న ఆహారమే.

తప్పు పట్టవలసింది ఉంటే అది పొరలోనే ఉంది. ముక్క నూనెలో ఉన్నంతసేపు లోపలి నీరు ఆవిరిగా బయటికి తన్నుకొస్తూ నూనెను చాలావరకు లోపలికి రానివ్వదు. పైకి తీశాక ఆ ఆవిరి చల్లబడి ఖాళీ ఏర్పడుతుంది, అప్పుడు పైన అంటుకున్న నూనెను పిండి పొర పీల్చుకుంటుంది. అందుకే తీసిన వెంటనే నూనె వాడ్చడం ముఖ్యం. అందుకే ఎముక లేని చిన్న చిన్న ముక్కలు, చూడడానికి తేలికగా అనిపించినా, మాంసంతో పోలిస్తే పొర ఎక్కువై నూనె కూడా ఎక్కువ తీసుకుంటాయి. కొవ్వు గ్రాముకు 9 కిలోకేలరీలు, మాంసకృత్తులు గ్రాముకు 4 అన్న లెక్క తెలిసినవారికి మిగతాది విడమరచి చెప్పనక్కరలేదు. చర్మంతో సహా పొర ఒలిచేసి తింటే చాలావరకు గట్టెక్కవచ్చు గానీ, అలా ఒలుచుకోవడానికి అంత డబ్బు పెట్టి అక్కడిదాకా వెళ్ళడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

నూనె కన్నా నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఉప్పు. నానబెట్టే మసాలాలో ఉప్పు, పిండిలో ఉప్పు, పక్కన ఇచ్చే బంగాళాదుంప వేపుడు మీద చల్లిన ఉప్పు, ముంచుకునే సాస్‌లో ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, రక్తపోటుకు మాత్ర వేసుకునే మా అమ్మ లాంటివారికి ఈ ఒక్క పూటే ఎక్కువైపోతుంది. దానికి తోడు కోలా: 300 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాముల చక్కెర, అదే సంస్థ మేలని చెప్పిన 25 గ్రాములను దాటేస్తుంది.

అయితే మన వీధి బండి మీది చికెన్ పకోడీ ఇంతకన్నా మేలని అనుకోవడానికి కూడా లేదు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్ళీ మళ్ళీ కాగి చెడిపోయినప్పుడు పుట్టేవి) 25 శాతం మించితే ఆ నూనె పనికిరాదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం 2018 నుంచి అమలులో ఉంది. సాయంత్రానికి నల్లబడి, చిక్కబడి, నురగ కట్టే బండి నూనెను ఎవరు కొలిచి చూస్తున్నారు? పది చోట్ల లేదా అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో వంటకం పక్కనే కేలరీలు రాయాలన్న నియమం కూడా ఉంది. మేము వెళ్ళినచోట రాశారు. కాకపోతే ధర అంకె పక్కన ఆ అంకె చీమంత ఉంది, దాన్ని చదివినవారు మా బల్ల దగ్గర నేనొక్కడినే. “పెద్దనాన్నా, తినేటప్పుడు లెక్కలెందుకు?” అని మావాడు విసుక్కున్నాడు కూడా.

పండక్కో పబ్బానికో వెళ్ళడం వరకు నాకు అభ్యంతరం లేదు. ఎముక ఉన్న ముక్కలు మనిషికి రెండు, కోలా బదులు మంచినీళ్ళు, బంగాళాదుంపలు అందరికీ కలిపి ఒక్కటి. చిన్న ముక్కల బకెట్టు మాత్రం మావాడు ఎంత బతిమాలినా ఒప్పుకోను. అమ్మకు ఇంట్లోనే తోలు తీసిన కోడిని అల్లంవెల్లుల్లి, మిరియాలు పట్టించి, ఉప్పు సగం వేసి, రెండు చెంచాల నూనెతో వేపుడు చేసి పెడుతున్నాము. కరకరలాడదని ఆవిడ ఫిర్యాదు, నిమ్మకాయ ఎక్కువ పిండమని మా సమాధానం.