మంచం పక్కన స్కానర్

అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో వార్డు నర్సింగ్ ఇన్‌చార్జిని. మందు ఇచ్చే ముందు రోగి చేతిపట్టీని, మందు మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేయాలి, డాక్టరు రాసిన దానితో సరిపోకపోతే కంప్యూటర్ ఆపేస్తుంది అని యాజమాన్యం చెప్పగానే నాకు మా సత్యనారాయణలు గుర్తొచ్చారు. అన్నవరం స్వామి పేరు మా గోదావరి జిల్లాల్లో వీధికొకరికి ఉంటుంది. పక్కపక్క మంచాల్లో ఇద్దరుంటే, "సత్యనారాయణగారూ" అని పిలవగానే ఇద్దరూ చెయ్యి చాపుతారు. మంచం నంబరు చూద్దామంటే ఫ్యాను గాలి కోసం మంచాలు మార్చుకుంటారు. చేతిపట్టీ మాత్రం మనిషిని వదలదు. బోస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో ఈ పద్ధతి వచ్చాక, వేళ తప్పడం కాకుండా మందులిచ్చేటప్పుడు జరిగే మిగతా పొరపాట్లు 41 శాతం తగ్గాయని 2010లో ప్రచురించారు. నాకు ఆశ కలిగింది.

చిక్కంతా మాత్రల స్ట్రిప్పుతో వచ్చింది. రెండు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరు ఒక ముక్కకు, గడువు తేదీ మరో ముక్కకు పోతాయి. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 బ్రాండ్ల మందులకు బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. కానీ అది మాత్రమాత్రకూ ఉండదు. అందుకని ఫార్మసీలో రేకు విప్పకుండా ఒక్కో మాత్రనూ కత్తిరించి, చిన్న కవరులో వేసి, పేరు, మోతాదు, బ్యాచ్, గడువుతో లేబుల్ అంటించాలి. అక్కడ లేబుల్ తారుమారైతే స్కానర్ ఆ తప్పునే ఒప్పంటుంది. ఒకరు అంటించినది మరొకరు సరిచూడాలని పట్టుబట్టాను. ఆ పనికి మనిషిని ఇవ్వకుండా యంత్రం కొనడం దండగని యాజమాన్యానికి చెప్పాను. ఇచ్చారు.

ఇన్సులిన్ విషయంలో పాత నియమం సడలించలేదు. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నుల్లో 100 యూనిట్లు ఉంటాయి. 100 యూనిట్ల మందును, 40 యూనిట్ల మందుకు వాడే ఎర్రమూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కుతుంది. స్కానర్ సీసాను చదువుతుంది, సిరంజిని చూడదు. అందుకే ఇద్దరు సిస్టర్లు చూసి ఇవ్వాల్సిందే.

చివరి మంచాల దగ్గర వైఫై అందక, కొందరు సిస్టర్లు చేతిపట్టీల నకళ్లు బల్ల మీద పెట్టుకుని అక్కడే స్కాన్ చేయసాగారు. అలా చేస్తే ఈ ఏర్పాటుకు అర్థమే లేదు. కానీ వాళ్లను తిట్టి లాభం లేదు. వరండాలో ఇంకో రౌటర్ పెట్టించాక నకళ్లు మాయమయ్యాయి.

స్కాన్ కాకుండా ఇచ్చిన మందుల జాబితా ఇప్పుడు రోజూ చూస్తున్నాను. అందులో ఎక్కువగా సిరప్‌లే మిగిలాయి. మోతాదు మోతాదుకూ నోటి సిరంజిలో ముందే నింపి లేబుల్ వేసి పంపమని ఫార్మసీని అడిగాను. వచ్చే వారం పిల్లల వార్డుతో మొదలుపెడతామన్నారు.