మొహాలు లేని వీడియోలు: మా తొమ్మిదో తరగతి ప్రాజెక్టు

నేను యాదాద్రి భువనగిరి జిల్లాలో ఓ ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. పాఠాల చివర ప్రాజెక్టు పని అని ఒకటి ఉంటుంది కదా, దాన్ని పిల్లలు గైడు చూసి ఎక్కించడం, మేం సంతకం పెట్టడం ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం. గతేడాది తొమ్మిదో తరగతిని దాని బదులు వీడియో చేసి తెమ్మన్నాను. ఇంట్లో జరిగే ఏదో ఒక పని చూపించాలి, దాని గురించి తమకేమనిపిస్తుందో చెప్పాలి, నిమిషంన్నర దాటకూడదు.

ముందు తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఆడపిల్లల మొహాలు ఫోన్లోకెక్కి ఎక్కడెక్కడికో పోతాయని వాళ్ల భయం. అది కొట్టిపారేయాల్సిన భయం కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే లెక్కేసి, తల్లిదండ్రుల సమ్మతి అడగమంటుంది. అందుకే పేరెంట్స్ మీటింగులోనే నియమం పెట్టేశాం. ఎవరి మొహమూ కనబడకూడదు. చేతులు, వస్తువులు, గొంతు, అంతే. ఎక్కడా అప్‌లోడ్ చేయం, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పం. ఇదంతా తెలుగులో కాగితం మీద రాసి, చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాం.

ఆ నియమం వల్ల నేను అనుకోని మేలు జరిగింది. మొహం ఉంటే పిల్లలు రీల్స్ చేస్తారు. జుట్టు సర్దుకుని స్లో మోషన్‌లో నడుస్తారు, వెనక సినిమా పాట. మొహం తీసేస్తే మాత్రం చెప్పడానికి ఏదో ఒకటి ఉండి తీరాలి.

ఫోను ఇంటికొక్కటే, అదీ పొద్దున్నే నాన్నతో వెళ్లిపోతుంది. కాబట్టి షూటింగులన్నీ ఆదివారాలే. స్టోరేజీ నిండిపోకుండా సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీని 720కి తగ్గించుకోమన్నాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. ఇది నాకు చెప్పింది పిల్లలే.

అసలు తలనొప్పి సౌండుతో. మాది చేనేత ఊరు, మగ్గం చప్పుడులో మాట వినపడదు. అందుకని బొమ్మ వేరుగా, గొంతు వేరుగా తీయించాను. రాత్రిపూట ఫ్యాన్ ఆపేసి, తలమీంచి దుప్పటి కప్పుకుని రికార్డు చేస్తే గది ప్రతిధ్వని పడదు. తర్వాత రెండూ ఎడిటింగ్ యాప్‌లో కలపడం వాళ్లకు మంచినీళ్లు తాగినంత తేలిక.

స్క్రిప్టులు మాత్రం మొదట ‘ఆసు పోయుట మిక్కిలి కష్టతరమైన పని’ అన్న ధోరణిలో వచ్చాయి. ఆసు పోయడమంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం. ఇంట్లో అమ్మకు చదివి వినిపించండి, ఆమె నవ్వితే మళ్లీ రాయండి అన్నాను. ఆసు గురించి రాసిన అమ్మాయి మళ్లీ రాసుకొచ్చింది ఇలా ఉంది: "మా నాయనమ్మకు కుడి భుజం లేవదు. ఆసు పోసీ పోసీ." మా జిల్లావాడే చింతకింది మల్లేశం తల్లి పడే ఇలాంటి బాధ చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం ఇప్పుడు వీళ్లింట్లోనూ ఉంది. అది తిరుగుతుంటే, పక్కన ఒళ్లో పెట్టుకున్న నాయనమ్మ చేతుల్ని తీసింది. "మిషిన్ నాకంటే ముందే ఇంట్లకొచ్చింది, నాయనమ్మకే ఆలస్యంగొచ్చింది" అని ముగించింది. పరీక్ష పేపర్లో ఈ పిల్ల నాలుగు వాక్యాలకు మించి రాసిన గుర్తు లేదు. యాసను సరిదిద్దమని ఒకరిద్దరు తోటి టీచర్లు సలహా ఇచ్చారు. నేను ముట్టుకోలేదు.

ఇంకో అబ్బాయి వాళ్ల నాన్న ఆటో వెనక సీట్లోంచి తీశాడు. హ్యాండిల్ మీద చేతులు, ముందు రోడ్డు. బడి గేటు రాకముందే రోజూ ఎందుకు దిగిపోతాడో తన గొంతుతోనే చెప్పాడు. అది చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఇది నలభైమంది ముందు వేయొచ్చా? మనసులో మాట చెప్పమని మనమే అడిగి, చెప్పాక దాన్ని అందరి ముందూ పెట్టడం న్యాయం కాదనిపించింది. ప్రొజెక్టర్ పెట్టే ముందు అందరికీ చీటీలు ఇచ్చాను. ‘క్లాసుకు’ అనో ‘సార్‌కు మాత్రమే’ అనో రాయాలి, కారణం చెప్పక్కర్లేదు. చాలామంది రెండోదే రాస్తారనుకున్నాను, కొద్దిమందే రాశారు. ఆటో అబ్బాయి ‘క్లాసుకు’ అని రాసి, కింద ‘మా నాన్నకు వద్దు’ అని చేర్చాడు. తర్వాత హెడ్మాస్టరు గారు ఊరి కార్యక్రమంలో వేయడానికి ఓ రెండు మంచివి అడిగితే, ఆ వీడియో ఇవ్వలేదు. ఆసు వీడియో కూడా ఆ అమ్మాయినీ ఇంట్లోవాళ్లనూ అడిగాకే ఇచ్చాను.

మార్కుల దగ్గర చిన్న గొడవైంది. గొంతు స్పష్టంగా ఉందా, మాటకూ బొమ్మకూ పొంతన ఉందా, స్క్రిప్టు సొంతంగా రాశారా, వీటికే వేశాను. చెప్పిన బాధకో సంతోషానికో మార్కు లేదు. "ఎడిటింగ్ బాగా చేసినోడికి ఎక్కువ రావాలె గద సార్" అని వెనక బెంచీ వాళ్లు పట్టుబట్టారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఈ ఏడు ఎడిటింగ్‌కు విడిగా ఒక మార్కు పెట్టాను, అదీ తక్కువేనంటున్నారు.