38 కాదు, 36

2024 అక్టోబరులో, మా విజయనగరంలో సిరిమానోత్సవం హడావుడి తగ్గాక, ట్యూషన్ పిల్లలకి ఒక వార్త చెప్పాను. అప్పటిదాకా తెలిసినవాటిలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్యని లూక్ డ్యూరాంట్ అనే ఆయన పట్టుకున్నారు. 2ని 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. రాస్తే 4,10,24,320 అంకెలు.

పదో తరగతి అమ్మాయి అడిగింది: "అంత పెద్దదాన్ని వేటితో భాగించి చూశారు మాస్టారూ?"

భాగించరు, లూకాస్-లెహ్మర్ పరీక్ష అని ఒకటుంది అన్నాను. పేరు తెలుసు గానీ నేనెప్పుడూ చేసి చూడలేదు. చెయ్యని లెక్క పిల్లలకి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఆ రాత్రే లాంగ్ నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాను.

2 ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ఇలాంటి సంఖ్యలకే పనికొచ్చే పద్ధతి ఇది, చిన్నదే. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి, 2 తీసేసి, మనం పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే పని. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, లేకపోతే కాదు. 127 అంటే 2 ఘాతం 7లోంచి ఒకటి తీసినది కదా, అయిదుసార్లు చాలు: 4, 14, 67, 42, 111, 0. ఆ సున్నా చూసి ఎంత సంతోషమేసిందో!

తర్వాత 8191, ఘాతం 13. నిజానికి దీనికి ఇంత అక్కర్లేదు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 26తో భాగిస్తే 1 మిగలాలి, 8191 వర్గమూలం 90 చిల్లర కాబట్టి 90 లోపు చూస్తే చాలు, అలాంటివి 53, 79 రెండే. రెండూ భాగించవు, అంటే ఇది ప్రధాన సంఖ్యే. కానీ నాకు కావలసింది ఆ పరీక్ష నడిచే తీరు.

పదకొండుసార్లు చేశాను. చివర 1025 వచ్చింది.

గుణకారాలన్నీ అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, మిగిలినవి పోల్చి సరిచూశాను, భాగహారాలు మళ్లీ చేశాను. అన్నీ కరెక్టే. నిద్ర పట్టలేదు. మర్నాడు ట్యూషన్‌లో ఆ అమ్మాయి నోట్‌బుక్ మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ వచ్చి ఆగింది.

"మాస్టారూ, 1857 దగ్గర రెండు తియ్యలేదు."

1857 వర్గం 34,48,449. దాన్ని అలాగే భాగించేశాను, 38 మిగిలింది. రావలసింది 36. గుణకారం తప్పయితే కదా తొమ్మిదులకి దొరకడానికి!

ఇద్దరం అక్కడి నుంచి మళ్లీ చేశాం. 36, 1294, 3470, 128. 128 వర్గం 16384, రెండు తీస్తే 16382. ఆ అమ్మాయి భాగించనే లేదు. "రెండు 8191లు!" అని అరిచింది.

ఆ పెద్ద సంఖ్యకి ఇదే పని 13,62,79,839 సార్లు చెయ్యాలి. శేషాలు కోట్ల అంకెలవి. మధ్యలో ఒక్కచోట జారినా చివరి జవాబుకి విలువ లేదు. అందుకే దాన్ని వేరే కంప్యూటర్ల మీద, వేరే ప్రోగ్రాములతో మళ్లీ మళ్లీ చేసి చూశారు. ఆ మాట పిల్లలకి ఇంక విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ అమ్మాయి 2047ని ఇంటికి పట్టుకెళ్లింది. ఘాతం 11, తొమ్మిది వరుసలు. మర్నాడు తెచ్చిన కాగితంలో "−2" అన్నచోటల్లా ఎర్ర పెన్నుతో టిక్కు ఉంది. చివర 1736, సున్నా కాదు. ఏ సంఖ్య భాగిస్తుందో ఈ పరీక్ష చెప్పదు కాబట్టి, విడిగా వెతుక్కుని అడుగున తనే రాసుకుంది: 23 × 89.